డప్పులతో ఇంగ్లాండు వెళ్తున్నారా? ప్రదర్శన రోజున ఊరు చూడకండి

మీరు అడిగింది ఇది. మునుగోడు పక్క ఊరి డప్పు, కోలాటం బృందం, మొత్తం 14 మంది. బతుకమ్మ వేడుకలకు ఇంగ్లాండులోని తెలుగువాళ్లు పిలిచారు. తొమ్మిది రోజుల్లో మూడు ప్రదర్శనలు. అందులో ఒకటి చర్చి హాలులో, అక్కడి చేతిగంటల బృందంతో కలిసి. వీసా గురించి, సామాను గురించి రెండు ముక్కలు అడిగి, లండన్‌లో ఏమేం చూడాలో మాత్రం పెద్ద పట్టిక పెట్టారు. మొదటి ప్రదర్శన రోజు ఉదయమే నాలుగు చోట్లు! ఆ పట్టిక చూశాకే ఈ జవాబు రాయాలనిపించింది.

నేను డప్పు కొట్టేవాణ్ణి కాను. నల్లగొండలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇంగ్లిషులో కాగితాలు రాయగలనని మా ఊరి కళాకారులు నన్ను మేనేజరుగా వెంట తీసుకెళ్లారు. అలా మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నేను చేసిన తప్పునే మీరు ఇప్పుడు పట్టికగా రాసుకున్నారు.

ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు ప్రదర్శన, లండన్‌కు రెండు గంటల దూరంలోని ఒక పట్టణంలో. పొద్దున ఖాళీయే కదా అని ఎనిమిదింటికల్లా వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద దిగాం. గడియారం గోపురం ముందు ఫొటోలు, అక్కడి నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా నడక, ఆ తర్వాత మ్యూజియం. అక్టోబరు తుంపర, చలిగాలి. డప్పులన్నీ బస్సు డిక్కీలో. తిరుగు దారిలో ట్రాఫిక్కులో ఇరుక్కుని హాలు చేరేసరికి ఆరుంబావు. సంచులు విప్పి ఒకాయన సిర్రతో, అంటే కుడిచేతి కర్రతో, దెబ్బ వేశాడు. తడి గోనెసంచి మీద కొట్టినట్టు ‘బొద్దు’ మంది. అందరి డప్పులూ అంతే.

మన దగ్గరైతే ఏం చేస్తాం? నాలుగు ఎండుటాకులు పోగేసి మంట పెట్టి, డప్పు కాచుకుంటాం. తోలు బిగిసి ఖంగుమంటుంది. అక్కడ హాలు బయట కూడా మంట పెట్టనివ్వరు. లోపల అగ్గిపుల్ల గీసినా పొగ అలారం మోగుతుందేమోనని భయం. చివరికి ఒక కుర్రాడికి ఆలోచన తట్టింది. మరుగుదొడ్డిలో చేతులు ఆరబెట్టుకునే వేడిగాలి మిషన్ ఉందిగా! పన్నెండు మంది పంచెకట్టులో, కాళ్లకు గజ్జెలతో, డప్పులు ఎత్తి పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆ మిషన్ ముప్పై సెకన్లకోసారి ఆగిపోతుంది, మళ్లీ చెయ్యి చూపాలి. సూటూ బూటూ వేసుకొచ్చిన అతిథి ఒకాయన తలుపు తీసి, ఆ వరుస చూసి, క్షమించమని మళ్లీ మూసుకుని వెళ్లిపోయాడు. ప్రదర్శన ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. మొదటి పది నిమిషాలు డప్పు పలికింది, తర్వాత మళ్లీ దిగిపోయింది. పొద్దంతా నడిచిన కాళ్లు అడుగు సరిగ్గా వేయలేదు. జనం చప్పట్లు కొట్టారు కానీ, మా పెద్దాయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కాబట్టి నా మాట: ప్రదర్శన ఉన్న రోజు ఒక్క చోటు కూడా చూడవద్దు. చూడటమంతా మర్నాడు. పొద్దున ఆలస్యంగా లేవడం, కడుపునిండా తినడం, మధ్యాహ్నం రెండింటికల్లా హాలులో ఉండటం, ఆ రోజుకు అంతే పని. మిమ్మల్ని పిలిచినవాళ్లు ప్రేమతోనే ‘ఖాళీగా ఎందుకు కూర్చోవడం, అలా తిప్పి తీసుకొస్తాం’ అంటారు. మొహమాటపడకుండా వద్దనండి. టికెట్లు కొనకముందే ఈ సంగతి వాళ్లకు రాసి పెట్టండి.

దీనికి బస్సు లెక్క కూడా కలుస్తుంది. అక్కడ బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. రాత్రి విశ్రాంతికి కూడా చట్టం ప్రకారం లెక్క ఉంది. పొద్దున ఎనిమిదికి మీ కోసం బండి తీసిన డ్రైవరు రాత్రి పదకొండు దాటాక మిమ్మల్ని బసకు చేర్చమంటే కుదరదంటాడు. అది అతని మొండితనం కాదు, బండిలోని మిషన్ అతని గంటలన్నీ రాసుకుంటుంది. మన దగ్గర దేవరకొండ నుంచి తిరుపతికి ఒకే డ్రైవరు టీ తాగుతూ తెల్లవార్లూ నడిపినట్టు అక్కడ నడవదు.

ఇంకో సంగతి మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెబుతాను. మీది మునుగోడు. మీ బృందంలో యాభై దాటినవాళ్లలో కొందరు కృష్ణా నీళ్లు రాకముందు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లే ఉంటారు. మోకాళ్లు, నడుము ఎలా ఉంటాయో మీకు తెలుసు. డప్పు మీద ఉన్నప్పుడు ఆ నొప్పి వాళ్లకు గుర్తుండదు. మ్యూజియం నున్నటి బండల మీద మూడు గంటలు నిలబడితే మాత్రం రాత్రికి లేవలేరు. మా బృందంలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒకాయనకు రెండోసారి నుంచి నేనే చక్రాల కుర్చీ అడిగి తీసుకున్నాను. పెద్ద మ్యూజియాల్లో అడిగితే ఇస్తారు. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ‘కలెక్టరు లెక్క తిరుగుతున్నా’నని నవ్వాడు.

ఇప్పుడు డప్పుల సంగతి. తోలువి సగం, ఫైబరువి సగం తీసుకెళ్లండి. ఫైబరు డప్పు గొంతు నాకు నచ్చదు, డబ్బా మోగినట్టు ఉంటుంది. కానీ చలికి, తేమకు చెక్కు చెదరదు. బయట మైదానంలో బతుకమ్మ ఆడించేటప్పుడు ఫైబరువి చాలు, హాలులో తోలువి తీయండి. చింతగింజల జిగురుతో మేకతోలు అంటించిన పాత డప్పులుంటే అంచులు ముందే చూసుకోండి. విమానంలో సామాను ఉండే చోట చలికి, ఆ తర్వాత గదుల్లో హీటర్ల వేడికి అంచు ఊడి వస్తుంది. మాకు ఒకటి అలాగే పోయింది. మన దగ్గర హెయిర్ డ్రయ్యర్లు రెండు కొని పెట్టుకోండి. అక్కడి ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రపు పిన్నులుంటాయి కాబట్టి దానికి తగ్గ అడాప్టర్లు నాలుగు కావాలి. కొన్ని హాళ్లలో బయటి నుంచి తెచ్చిన కరెంటు వస్తువులను పరీక్ష చేయించిన చీటీ లేనిదే పెట్టనివ్వరు. ముందే అడిగి, వాళ్ల దగ్గరున్న హీటరే ఇప్పించుకుంటే గొడవ లేదు. తోలుకు జానెడు దూరంలో డ్రయ్యర్ పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ కాచాలి. ఒకే చోట పెడితే తోలు పగులుతుంది. వేదిక ఎక్కడానికి పావుగంట ముందు మొదలుపెట్టండి, మధ్యలో కోలాటం వచ్చినప్పుడు మళ్లీ ఒకసారి కాచుకోండి. కార్యక్రమం వరుస కూడా అందుకు తగ్గట్టు వేసుకోవాలి: డప్పు, కోలాటం, మళ్లీ డప్పు.

సిర్ర, చిటికెన పుల్ల (ఎడమచేతి సన్న పుల్ల), కోలాటం కర్రలు, గజ్జెలు, ఇవేవీ చేతి సంచిలో పెట్టవద్దు. కర్రలను దెబ్బలాటకు పనికొచ్చే వస్తువులంటారు. గజ్జెల మూట ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపించి పెట్టె విప్పిస్తారు. అన్నీ పెద్ద సామానులోనే వెళ్లాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు అనేది చాలా విమానాల లెక్క. డప్పులను రెండేసి ముఖాముఖి పెట్టి మధ్యలో కోలాటం చీరలు మడిచి పెడితే రెండూ భద్రం. చిటికెన పుల్లలు ఒక్కొక్కరికి నాలుగైనా ఉండాలి. విరిగితే అక్కడ ఏ చెట్టు కొమ్మ విరుస్తారు?

శంషాబాద్‌లో వెళ్లేటప్పుడే కస్టమ్స్ వాళ్ల దగ్గర వాద్యాల జాబితా, ఫొటోలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగి వచ్చినప్పుడు ఇవి మనవేనని చెప్పడానికి అదే ఆధారం. మీవి ఖరీదైన వాద్యాలు అయితే ఫిక్కీ అనే వ్యాపార సంస్థల సమాఖ్య ఇచ్చే ఏటీఏ కార్నెట్ ఉంది, సామాను పన్ను లేకుండా తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునే పత్రం, దానికి పూచీకత్తు కట్టాలి. మన డప్పులకు అంత అవసరం నాకు కనిపించలేదు. అయితే ఇదే బృందం రేపు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తే కథ వేరు. తోలు, చెక్క ఏదైనా సరే దిగగానే రాసి చూపించాలి. తోలు మీద వెంట్రుకలు, చెక్కకు బెరడు కనిపిస్తే తీసేసుకోవచ్చు. అక్కడికైతే ఫైబరువే పట్టుకెళ్లండి.

తిండి మూటల్లో సకినాలు, కారప్పొడి, మామిడి తొక్కు పట్టుకెళ్లవచ్చు. పాలకోవా, నెయ్యి సీసా, మటన్ పచ్చడి వద్దు. మన దేశం నుంచి మాంసం, పాల వస్తువులు ఇంగ్లాండులోకి తీసుకెళ్లకూడదు. కర్పూరం, ఎండు కుడుకలు కూడా పెట్టెల్లో ఉండకూడదు, త్వరగా అంటుకునేవని శంషాబాద్‌లోనే తీయిస్తారు. పండగ కదా అని ఇంట్లో ఆడవాళ్లు ఎవరో ఒకరు కుడుకలు దోపి పంపుతారు. పెట్టెలు మూసేముందు మీరే చెయ్యి పెట్టి చూడండి.

వీసా గురించి క్లుప్తంగా. ప్రదర్శన ఇచ్చేవాళ్లకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది, కానీ పారితోషికం ఉందా లేదా అన్నది దరఖాస్తులోనే నిజం రాయాలి. డబ్బు తీసుకునేట్టయితే పిలిచిన సంస్థ ముందే రాసిచ్చిన ఆహ్వానం ఉండాలి, దిగిన 30 రోజుల్లో ఆ పని పూర్తికావాలి, వయసు 18 దాటి ఉండాలి. ‘చూడటానికి వెళ్తున్నాం’ అని రాసి, పెట్టెల నిండా డప్పులతో దిగితే అక్కడి అధికారి అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆ మొదటి వారంలోనే పెట్టండి. మనవాళ్ల బ్యాంకు పుస్తకాల్లో పెద్దగా ఏమీ ఉండదు. అందుకే ఖర్చులన్నీ మేమే భరిస్తామని పిలిచినవాళ్లు వివరంగా రాసివ్వాలి. తిరిగి వస్తారనడానికి పట్టాదారు పాసు పుస్తకం, కళాకారుల గుర్తింపు కార్డు, పింఛను కాగితం పెట్టాం మేము. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం జత చేయాలి. పదో తరగతి లేనివాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఉంటుంది. ఇంగ్లాండుకు దానితో అడ్డు లేదు. మలేసియా, గల్ఫ్ దేశాల్లాంటి చోట్లకు పనికోసం వెళ్లేవాళ్లకే ఆ తనిఖీ.

హాలు గురించి ఒక హెచ్చరిక. అక్కడ ఇళ్ల మధ్య ఉన్న చాలా హాళ్లలో శబ్దం కొలిచే పెట్టె ఒకటి గోడకు ఉంటుంది. చప్పుడు హద్దు దాటితే మొదట ఎర్ర దీపం వెలుగుతుంది, తగ్గించకపోతే మైకుల కరెంటు పోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు మాకు అదే జరిగింది. పన్నెండు డప్పులు ఒకేసారి లేచిన మొదటి నిమిషంలోనే ఎర్ర దీపం. మావాళ్లు దాన్ని వేదిక అలంకరణ అనుకుని ఇంకా ఉత్సాహంగా కొట్టారు. పాట పాడే అమ్మాయి మైకు చచ్చిపోయింది. డప్పుకు కరెంటుతో పనిలేదు కాబట్టి మోగుతూనే ఉంది, నిర్వాహకులు మాత్రం చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చారు. హాలు ఖాయం చేసుకునే ముందే ‘శబ్దం హద్దు ఉందా’ అని అడిగించండి. ఉంటే ఒకసారికి నాలుగు డప్పులకు మించి వద్దు.

చేతిగంటల బృందంతో కలిసి అంటున్నారు. మీ యాత్రలో అన్నిటికంటే అదే నాకు ఆశ పుట్టించింది. మూడోసారి మేమూ అలాంటి సభలో పాల్గొన్నాం. మీకు ముందే తెలిస్తే మంచిది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఆ గంటలు మన పూజగంటల్లా కాదు. కంచుతో పోతపోసినవి, రాగి నాలుగు పాళ్లు, తగరం ఒక పాలు. ఒక గంటకు ఒకే స్వరం. ఒక్కొక్కరు మామూలుగా రెండు గంటలు పట్టుకుంటారు, కొందరు అవసరాన్ని బట్టి మధ్యలో మార్చుకుంటారు. ఐదు అష్టకాల, అంటే సరిగమల వరుస ఐదుసార్లు వచ్చే, పూర్తి సెట్టులో 61 గంటలు. మెత్తటి ఫోము పరిచిన పొడవాటి బల్ల మీద హార్మోనియం మెట్ల వరుసలో పేర్చి ఉంచుతారు. లోపలి నాలుక ఎటు పడితే అటు ఊగదు, ముందుకీ వెనక్కీ మాత్రమే కదులుతుంది. మోగించి, ఆపాలనుకున్నప్పుడు గంటను భుజానికి ఆనిస్తారు. చర్చి గోపురాల్లో పెద్ద గంటల వరుసను ఒక లెక్క ప్రకారం మార్చి మార్చి మోగించడం ఇంగ్లాండులో పాత పద్ధతి. ఆ లెక్కను చలిగోపురంలో కాకుండా, ఊరివాళ్ల నిద్ర చెడగొట్టకుండా, గదిలో కూర్చుని సాధన చేయడానికే మొదట ఈ చేతిగంటలు పుట్టాయట. మన పిల్లలు సిర్ర పట్టకముందు తొడ మీద దరువు నేర్చుకున్నట్టే.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, వాళ్లు చేతులకు తొడుగులు వేసుకుంటారు. చెమట తగిలితే కంచు మెరుపు పోయి మచ్చపడుతుంది. మా కుర్రాడొకడు ముచ్చటపడి బల్ల మీది గంటను ఉత్తి చేత్తో తీసి ఊపాడు. పక్కనున్న పెద్దావిడ ఏమీ అనలేదు, నవ్వింది. వాడు దాన్ని కింద పెట్టాక జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, వేళ్ల ముద్రలు పడిన చోటు మెల్లగా తుడిచింది. వాడికి అర్థమైంది. మా డప్పును ఎవరైనా చెప్పుకాలితో తోస్తే మనకెలా ఉంటుందో అలాంటిదేనని వాడే నాతో అన్నాడు. ముందే అడగండి. అడిగితే తొడుగులిచ్చి నేర్పుతారు. మీరూ వాళ్లకు సిర్ర ఇవ్వండి.

కలిసి వాయించాలంటే రెండు చిక్కులు. మనవాళ్లకు దరువు ఎక్కేకొద్దీ వేగం పెంచడం అలవాటు. అది తప్పు కాదు, డప్పు అందమే అది. గంటలవాళ్లకు అలా కుదరదు. పాటలోని స్వరాలన్నీ పది పన్నెండు మంది చేతుల్లో పంచుకుని ఉంటాయి, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపే ఆయన వేగంలోనే అందరూ నడవాలి. మనం వేగం పెంచితే పాట వాళ్ల చేతుల్లో తెగిపోతుంది. పన్నెండు డప్పుల్లో ఒకరికి జ్వరమొస్తే పదకొండుతో నడుస్తుంది. వాళ్లలో ఒకరు రాకపోతే రెండు స్వరాలు లేనట్టే. రెండో చిక్కు శబ్దం. డప్పు విన్న చెవికి ఆ గంటలు పది నిమిషాల దాకా వినిపించవు. అందుకే గంటలే ముందు, డప్పు తర్వాత. కలిసి చేసే ఒక్క పాటకు మాత్రం రెండే డప్పులు, అదీ కర్రలు పక్కన పెట్టి వేళ్లతో. మా పెద్దాయన వేళ్లతో తోలు అంచు మీద మెల్లగా నడిపిస్తుంటే, పైన ఆ కంచు స్వరాలు ఒక్కొక్కటే రాలుతుంటే, హాలులో దగ్గు కూడా వినిపించలేదు. ముందు రోజు గంటన్నర సాధన చేశాం కాబట్టే అది కుదిరింది. మీరూ ఆ సమయం ఇప్పుడే అడిగి ఖాయం చేసుకోండి. వాళ్లు కాగితం చూసి వాయిస్తారు, ఆ పాట రికార్డింగు నెల ముందే పంపమంటే పంపుతారు. మునుగోడులోనే నేర్చుకుని వెళ్లవచ్చు.

ఇక చూడవలసినవి. మీ పట్టికలో పదకొండు ఉన్నాయి, నేనైతే మూడు ఉంచుతాను. లండన్ ఐ అనే పెద్ద చక్రం కొట్టేయండి. అరగంట తిరగడానికి 14 మందికి అయ్యే డబ్బుతో అందరికీ మంచి ఉన్ని కోట్లు వస్తాయి. మొదటిది గడియారం గోపురం, బయటి నుంచి ఊరికే చూడవచ్చు. అందరూ గడియారాన్నే బిగ్ బెన్ అంటారు కానీ, నిజానికి ఆ పేరు లోపలి పెద్ద గంటది. 1858లో లండన్‌లోని వైట్‌చాపెల్‌లో పోతపోశారు, బరువు 13 టన్నులు దాటుతుంది. సరిగ్గా గంట కొట్టే సమయానికి వంతెన మీద ఉండండి. గంటల బృందాన్ని విన్న మర్నాడైతే ఇంకా బాగా వినిపిస్తుంది.

రెండోది బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. అంతా తిరగవద్దు, తిన్నగా 33ఏ గదికి వెళ్లండి. అమరావతి స్తూపం సున్నపురాతి పలకలు చాలా అక్కడ ఉన్నాయి. మన ఫణిగిరిలో, నాగార్జునకొండ మ్యూజియంలో చూసిన అదే సున్నపురాయి, అదే చెక్కుడు. మా పెద్దాయన చక్రాల కుర్చీ ఆపించుకుని, ఆ బొమ్మల్లో వాద్యాలు పట్టుకున్నవాళ్ల కోసం ఒక్కో పలకా వెతుకుతూ గంటసేపు అక్కడే ఉన్నాడు. మిగతా మ్యూజియం మేమెవరమూ చూడలేదు, దాని గురించి ఎవరూ బాధపడలేదు.

మూడోది టవర్ ఆఫ్ లండన్. టికెట్టు ఖరీదే, పెద్ద బృందానికి తగ్గింపు ఉంటుంది, ముందే కొనాలి. కోహినూరు అక్కడే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే వజ్రం. ఆ గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. కిరీటాల ముందు నిలబడనివ్వరు, కదిలే పట్టీ మీద నిలబడితే అదే లాక్కుపోతుంది. ఫొటోలు తీయనివ్వరు. ‘గింతేనా?’ అన్నాడు మావాడొకడు. 1852లో మళ్లీ సానబట్టి 186 క్యారట్ల నుంచి 106కు తగ్గించారని చెబితే, ‘మరి ఆ పొడి ఎవరు తీసుకున్నారు?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

చివరగా తేదీ. మీ తొమ్మిది రోజుల్లో అక్టోబరు ఆఖరి ఆదివారం పడుతుందేమో చూసుకోండి. ఆ తెల్లవారుజామున రెండింటికి అక్కడ గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుతారు. ఫోన్లు వాటంతట అవే మారతాయి, మన పెద్దవాళ్ల చేతి గడియారాలు మారవు. ఆ రోజు బస్సు ఎక్కే సమయం ఒక్కొక్కరికీ నోటితో చెప్పండి. మా కోలాటం ఆడవాళ్లు ఆరుగురు చీరలు కట్టుకుని, చలిలో గంటసేపు బస కింద నిలబడ్డారు.